గురి అద్దానికి కాటుక

రత్నకుమారి తన జన్మలో చూసిన తుపాకి ఒకటే ఒకటి. పాలకొల్లు పక్కన వాళ్ళ ఊళ్ళో కరణం గారింటి గోడకి వేలాడుతుండేది. చేలో కొంగలు ఎక్కువైపోయాయని ఒకసారి దాన్ని దింపి పేల్చారు. కొంగలు ఎక్కడివక్కడే ఉన్నాయి, పక్కింటివాళ్ళ మజ్జిగ కుండ పోయింది. కరణం గారు తుపాకిని మళ్ళీ గోడకి తగిలించి, కొంగల్నీ ఆ దేవుడే పుట్టించాడులే అన్నారు. అప్పటినుంచీ ఆవిడ దృష్టిలో తుపాకి అంటే కుండలు పగలగొట్టే సామాను.

అలాంటి మనిషి ఐర్లండు వచ్చి, డబ్లిన్‌లో టాలట్ అనే పేటలో కూతురు రమ్యశ్రీ ఇంట్లో దిగిన మర్నాడే, పచ్చడి సీసాలకి చోటు వెతుక్కుంటూ మేడ మీద చిన్న గదిలో ప్రెస్ తలుపు తీసింది. ప్రెస్ అంటే గోడ అల్మారా. ఆ దేశంలో అందరూ అలాగే అంటారు. అందులో గోడకి బోల్టులు కొట్టి బిగించిన ఇనప్పెట్టె ఒకటి కనపడింది.

“బంగారం ఇంట్లోనే పెట్టుకుంటున్నారా అమ్మాయ్?” అని కిందికి కేకేసింది.

“బంగారం కాదమ్మా, మీ అల్లుడి తుపాకి,” అంది రమ్యశ్రీ వంటింట్లోంచి, కుక్కరు మూత పెడుతూ.

రత్నకుమారి మెట్లు దిగివచ్చి, మంచినీళ్ళు తాగి, కుర్చీలో కుదురుగా కూర్చుని అడిగింది.

“అల్లుడుగారికి శత్రువులెవరైనా ఉన్నారేంటే?”

“లేరు. కాగితం మీద గుండ్రాలు గీసుంటాయి. వాటిని కాలుస్తారు.”

“ఆ గుండ్రాలు ఆయన్నేం చేశాయి?”

“అదే నేనూ అడుగుతున్నా. ఇంతవరకూ జవాబు లేదు.”

అల్లుడు శశికాంత్ కరీంనగర్ వాడు. మాట నెమ్మది, నడక నెమ్మది, కోపం అసలే లేదు. పొద్దస్తమానం కంప్యూటర్లో ఎవరివో తప్పులు దిద్దే ఉద్యోగం. ఆ ఇంట్లో టీవీ మనవరాలు ఆశ్రితది, కారు రమ్యశ్రీది, సోఫా మూల ఎవరు ముందొస్తే వాళ్ళది. ఆయనదంటూ ఉన్నది ఆ ఇనప్పెట్టె ఒక్కటే. దాని తాళం ఇంకొకరు ముట్టుకోకూడదని ఆ దేశపు చట్టం. పెళ్ళయిన మగవాడికి అలాంటి చట్టం ఒకటి దొరకడం మామూలు అదృష్టం కాదు.

ఆ పిస్తోలు ఆయన కొనుక్కున్నది కూడా కాదు. టాలట్ దాటి కొండల వైపు పోతే గొర్రెల పొలాల మధ్య ఒక షూటింగ్ క్లబ్బు ఉంది. అందులో గిడియన్ అని ఒక ముసలాయన, గొర్రెల రైతు, పడుచుతనం నుంచీ దాంతోనే కాల్చేవాడు. చేతులు వణకడం మొదలుపెట్టాక, అమ్మడానికి మనసొప్పక, క్లబ్బులో అందర్నీ ఓ చూపు చూసి, అందరికంటే తక్కువ మాట్లాడే మనిషికి ఇచ్చేశాడు. ఒకటే షరతు పెట్టాడు. దీన్ని పెట్టెలో పడుకోబెట్టకు, కాలుస్తూ ఉండు అని. తర్వాత గార్డులొచ్చారు. గార్డులంటే పోలీసులే. ఇల్లంతా చూశారు, ఇనప్పెట్టెని ఊపి చూశారు, రమ్యశ్రీ పెట్టిన టీ తాగారు, గిడియన్ చెప్పని షరతులు ఇంకా చాలా చెప్పి, సరేనని వెళ్ళారు.

పిస్తోలు మంచిదే. కాకపోతే ముసలిది. ట్రిగ్గరు బిగుసుకుపోయింది, స్ప్రింగులు నీరసించాయి, పిడి గిడియన్ గారి పెద్ద అరచేతికి చెక్కినది, ఈయన చేతిలో గరిటెలా తిరిగేది. అయితే ఆ కంపెనీ వాళ్ళు ఇప్పటికీ అదే రకం పిస్తోలుని కొత్త తరం మోడలుగా చేస్తున్నారు. కొత్తదాని భాగాలు కాస్త అటూఇటూ సర్దితే పాతదానికి పడతాయని శశికాంత్ కనిపెట్టాడు. కనిపెట్టాక ఆగలేదు. క్లబ్బులో అడిగి, గార్డుల్ని అడిగి, ఒక్కొక్కటే తెప్పించేవాడు. వచ్చిన ముక్కని శనివారం క్లబ్బుకి పట్టుకెళ్ళి, అక్కడి బల్ల దగ్గర గిడియన్ పక్కన కూర్చుని బిగించుకొచ్చేవాడు. ముందు ట్రిగ్గరు మారింది, తర్వాత స్ప్రింగులు, తర్వాత పిడి. చివరికి పైన గురి చూసే పాత ఇనప పళ్ళు పోయి, వాటి చోట అగ్గిపెట్టెంత గురి అద్దం వచ్చింది. అందులోంచి చూస్తే గాజు మీద ఎర్ర చుక్క ఒకటి వెలుగుతుంది. ఆ చుక్క ఎక్కడ ఉంటే గుండు అక్కడికి పోవాలి. పోవాలి అని కంపెనీవాళ్ళ మాట.

“ఫ్రేమొక్కటే పాతదత్తమ్మా,” అన్నాడు శశికాంత్ ఒకరోజు అన్నం తింటూ. ఆయన నోట ఒకేసారి అన్ని మాటలు రావడం అత్తగారు అదే మొదలు వినడం. “మిగిలినయన్ని న్యూ జనరేషన్. ట్రిగ్గర్ ఇప్పుడు ఎంత స్మూత్ ఉన్నదో! గిడియన్ కూడ నవ్విండు. తాతకు మనవడి బూట్లు తొడిగినవ్ అన్నడు.”

“మరైతే బాబూ, దాన్ని పాత తుపాకి అంటారాండీ, కొత్త తుపాకి అంటారా?”

“నంబరు ఫ్రేము మీద ఉంటదత్తమ్మా. గార్డ్స్ లెక్కల అది పాతదే.”

రత్నకుమారి పప్పు కలుపుకుంటూ అంది. “నేనూ అంతే కదండీ. రెండు మోకాళ్ళూ భీమవరంలో కొత్తవి వేశారు. కళ్ళల్లో అద్దాలు మార్చారు. పైపళ్ళు మొన్న కట్టించుకున్నవి. పాస్‌పోర్టులో మాత్రం ఫొటో పాతదే. ఎయిర్‌పోర్టులో ఆ అబ్బాయి ఫొటో వంకా నా వంకా చూసి చూసి, ఎవరైతేనేం అనుకుని పంపించేశాడు.”

శశికాంత్ నవ్వాడు. రమ్యశ్రీ నవ్వలేదు. తల్లి ఎదురుగా మొగుణ్ణి ఏవండీ అనీ, తల్లి లేనప్పుడు శశీ అనీ పిలవడం ఆ పిల్లకి అలవాటు. కోపం వస్తే తల్లి ఉన్న సంగతి మర్చిపోతుంది.

“శశీ, నాకొకటి చెప్పు. ఏడాది నుంచి దానికి రిపేర్లు చేస్తున్నావు. శనివారం వస్తే ఇంట్లో ఉండవు. ఆశ్రితని స్విమ్మింగుకి నేనే తీసుకెళ్ళాలి, షాపింగు నేనే, లాన్ నేనే. పోనీ బాగా కాలుస్తున్నావా? ఏనాడైనా క్లబ్బు టీములో నీ పేరొచ్చిందా?”

“వస్తది.”

“ఎప్పుడు?”

“దసరా అయినంక వచ్చే శనివారం సెలక్షన్ ఉన్నది. వాటర్‌ఫోర్డ్ క్లబ్బుతోని మ్యాచ్‌కు.”

“అయితే విను. ఆ రోజు టీములోకి వచ్చావా, ఇంక నేను నోరెత్తను. రాలేదా, ఆ పెట్టె ఊడదీసి, పిస్టల్ గిడియన్‌కి తిరిగిచ్చెయ్. మాట?”

శశికాంత్ ముద్ద కిందపెట్టాడు. పెరుగు వైపు చూశాడు. “మాట,” అన్నాడు.

“హీ విల్ బి గ్రాండ్, అమ్మమ్మా,” అంది ఆశ్రిత, ఆ దేశపు యాసలో, అప్పడం విరుస్తూ.

చెప్పొద్దూ, రత్నకుమారి మాత్రం కూతురి పక్షమే. చిన్నపిల్ల ఉన్న ఇంట్లో తుపాకి ఏమిటని ఆవిడ బాధ. అది పోతే క్షీరారామలింగేశ్వరుడికి అభిషేకం చేయిస్తానని ఆ సాయంత్రమే మొక్కేసుకుంది. తిరుగు టికెట్టు దసరా వెళ్ళాక రెండు వారాలకి ఉంది. ఇంకొన్నాళ్ళు ఉండమ్మా అని రమ్యశ్రీ బతిమాలితే, ఆ పెట్టె ఉన్న గది పక్కన నాకు నిద్ర పట్టదే అంటూ వచ్చింది. వెళ్ళేలోగా అది పోవడం కళ్ళారా చూడాలని ఆవిడ కోరిక.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధ పూజ నాడు రత్నకుమారి ఇంట్లో పనిచేసే ప్రతి వస్తువునీ హాల్లోకి చేర్చింది. లాప్‌టాపులు, కారు తాళాలు, మిక్సీ, వాక్యూమ్ క్లీనరు, ఆశ్రిత స్కూటరు, గడ్డి కోసే మిషను. అన్నిటికీ పసుపు, కుంకుమ. అన్నీ అయ్యాక అల్లుడి వైపు తిరిగింది.

“బాబూ, అదొక్కటీ మిగిలిపోయిందండి.”

“ఏదత్తమ్మా?”

“అసలు ఆయుధం అదేనండి మరి. మిక్సీకి పెట్టి దానికి పెట్టకపోతే అలుగుతుంది. అది అలిగితే బాగుండదు.”

అది పోవాలని మొక్కుకున్న మనిషే ఈ మాట అంది. ఆవిడకి అందులో తేడా ఏమీ కనపడలేదు. మొక్కు మొక్కే, పూజ పూజే. చుట్టం ఎప్పుడు వెళ్తాడా అని చూస్తున్నా, ఉన్నన్నాళ్ళూ కాఫీ ఇవ్వకుండా ఉంటామా?

“పిస్టల్ బయటికి తియ్యరాదత్తమ్మా. గార్డ్స్ ఊకోరు,” అన్నాడు శశికాంత్. కానీ అత్తగారి ముఖం చూసి మేడెక్కాడు. కాసేపటికి గురి అద్దం ఒక్కటీ ఊడదీసి పట్టుకొచ్చాడు. దానికో కొక్కెం ఉంది. తీసి మళ్ళీ బిగిస్తే వెంట్రుకవాసి తేడా రాకుండా అదే చోట కూర్చుంటుంది. “ఇది తుపాకి కాదు, ఉత్త అద్దమే. దీనికి చెయ్యుండ్రి.”

రత్నకుమారి దాన్ని పళ్ళెంలో, తమలపాకు మీద పెట్టింది. పసుపు కుంకుమలు పక్కన ఆకుకే అద్దింది, వస్తువుకి అంటకుండా. అంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. సాయంత్రం పేరంటానికి పక్క వీధి వాళ్ళొచ్చారు. అందులో జాయ్ అని కేరళ నర్సమ్మ, ఆవిడ మొగుడు జోజి. జోజి ఆ అద్దాన్ని చూసి, “అయ్యో, ఏం క్యూట్‌గా ఉంది! ఇది బాండ్‌లాంటి వాళ్ళు వాడేది కదా!” అన్నాడు. ఇంకొకాయన చేతిలోకి తీసుకుని, “అదిరిపోయింది శశీ, మా ఇంట్లో పనికొచ్చే వస్తువు ఒక్కటీ ఇంత బాగుండదు,” అన్నాడు. మరొకాయన మాట్లాడకుండా చాలాసేపు చూశాడు. రత్నకుమారికి ఆ మాట్లాడనివాడే నచ్చలేదు.

వాళ్ళంతా వెళ్ళగానే ఆవిడ తన సంచిలోంచి కాటుక డబ్బా తీసింది. ఆవిడ కాటుక కొన్నది కాదు. ఆముదం దీపం మీద రాగి పళ్ళెం బోర్లించి, మసి పట్టి, ఆముదంతోనే రంగరించినది. ఆశ్రిత పుట్టినప్పుడు పెట్టిన చుక్క పిల్ల ఎంత ఏడ్చినా చెదరలేదు, రెండు రోజులు నీళ్ళు పోసినా పోలేదు. దిష్టి చుక్క పెట్టాలంటే ముఖానికి పెట్టాలి. ఆ వస్తువుకి ముఖం ఎటుందో కాసేపు తిప్పి చూసింది. ఒక పక్క బొత్తాలు, అంకెలు. రెండో పక్క నున్నగా, నిగనిగలాడుతూ, ఎదటివాణ్ణి చూస్తున్నట్టుంది. ముఖం అదే అయ్యుంటుందని అక్కడ పెట్టింది. చిన్నది పెడితే కనపడదని కాస్త పెద్దదే పెట్టింది. పిల్లకి టోపీ పెట్టినట్టు దాంతో వచ్చిన రబ్బరు మూత వేసి, పళ్ళెంలో పెట్టేసింది. అల్లుడు ఆ మూతతోనే తీసుకెళ్ళి పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

శనివారం వచ్చింది. రమ్యశ్రీ ఆశ్రితని స్విమ్మింగుకి తీసుకెళ్ళాలి కనక తల్లిని పురమాయించింది. “నువ్వెళ్ళి కూర్చోమ్మా. ఏం జరిగిందో చూసి వచ్చి చెప్పు. ఆయనొచ్చి ఏదో అతుకులేసి చెప్తారు.”

“నాకేం తెలుస్తుందే?”

“పేరు పిలుస్తారు. పిలిచారో లేదో విను, చాలు.”

క్లబ్బు అంటే పెద్ద మేడ అనుకుంది రత్నకుమారి. తీరా చూస్తే రేకుల షెడ్డు, ముందు బురద, చుట్టూ గొర్రెలు, పైన వాన. వాన గురించి ఎవరూ మాట్లాడలేదు, వాళ్ళకది చుట్టం కాదు, ఇంటి మనిషి. లోపల అబిగేయిల్ అని ఒకావిడ పెత్తనం చేస్తోంది. పక్క ఊళ్ళో పళ్ళ డాక్టరట. ఆవిడ తెరవమంటే ఎంతటివాడైనా నోరు తెరుస్తాడు, ముయ్యమంటే మూస్తాడు. నేల మీద పసుప్పచ్చ గీత ఒకటి చూపించి, కాల్చేవాళ్ళు తప్ప ఎవరూ దాన్ని దాటకూడదనీ, కాల్చేవాళ్ళతో మాట్లాడకూడదనీ రత్నకుమారికి చేతులతో చెప్పింది. తర్వాత చెవులకి డిప్పలు తొడిగింది. లోకమంతా నీళ్ళల్లో మునిగినట్టయింది.

గిడియన్ వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. పొడుగు మనిషి, వణికే చేతులు, ఒక తుంటి కొత్తది వేయించుకున్నాడట, ఒక పక్కకి ఒరిగి కూర్చుంటాడు. చెవి డిప్ప కాస్త ఎత్తి, ఇంగ్లీషులో ఏదో అన్నాడు. రత్నకుమారి “ఆయ్” అంది. ఆయన చూపుడువేలితో శశికాంత్‌ని చూపించి, ఒక కన్ను మూసి చూపించి, తల అడ్డంగా ఊపాడు. రెండు కళ్ళూ పెద్దవి చేసి, తల నిలువుగా ఊపాడు. ఏడాదిగా ఆయన శశికాంత్‌కి చెబుతున్నది అదే. ఎడమ కన్ను మూయకు, రెండూ తెరిచి గురి చూడు అని. శశికాంత్ వల్ల కాలేదు. గోళీలాడిన రోజులనాటి అలవాటు. తుపాకి భాగాలన్నీ మార్చాడు గానీ కన్ను మార్చుకోలేకపోయాడు.

రత్నకుమారికి సగం అర్థమైంది. “అది సరేనండీ, దేంట్లోంచి చూస్తారు?” అంది తెలుగులోనే, వేలు కంటి ముందు తిప్పుతూ.

గిడియన్ బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి, ఆ సున్నాని కంటి ముందు పెట్టి, దాంట్లోంచి ఆవిడ వైపు చూశాడు. తర్వాత దూరంగా ఉన్న పిస్తోలు నెత్తి మీది అద్దాన్ని చూపించాడు. మూత కింద ఆ నిగనిగలాడే వైపు అవతలికి, గుండ్రాల కాగితం వైపు తిరిగి ఉంది. ఇటునుంచి చూస్తే అటు కనపడాలన్నమాట.

రత్నకుమారి తను కాటుక పెట్టిన వేలి వంక చూసుకుంది.

అది పోవాలని మొక్కింది నిజమే. పోతే సంతోషమే. కానీ పోవడమంటే, అల్లుడు గురి చూసుకుని, కాల్చి, ఓడి, దానంతటది పోవాలి. అత్తగారి కాటుక వల్ల పోకూడదు. పండగ పూట ఇంటల్లుడి ముచ్చటకి మసి పూసిన అత్త అని పాలకొల్లు దాకా పోతుంది మాట. అసలు ఆ మాట మిగతావాళ్ళెవరూ అననక్కర్లేదు, తనకి తాను అనుకుంటే చాలదూ?

లేచి నిలబడింది. “అల్లుడుగారూ!” అని కేక పెట్టింది. పాలకొల్లులో ఆ కేకకి కాలవ అవతల గేదెలు తలెత్తేవి. ఇక్కడ అందరి చెవులకీ డిప్పలున్నాయి. ఒక్క గొర్రె తలెత్తింది. అబిగేయిల్ తిరిగి చూసి, గీత వైపు వేలు చూపించి, కుర్చీ వైపు చూపించింది. రత్నకుమారి కూర్చుంది. పళ్ళ డాక్టరుకి ఎదురుచెప్పడం ఎవరి తరం?

గీత అవతల శశికాంత్ మూత తీశాడు. పిస్తోలు ఎత్తాడు. అలాగే ఉండిపోయాడు. దింపి, పిస్తోలు మూతి తనవైపు తిప్పకూడదు కనక, తనే ముందుకి వంగి అద్దాన్ని చూశాడు. జేబులోంచి రుమాలు తీసి తుడిచాడు. ఆముదం కాటుక సంగతి తెలిసిన మనిషైతే తుడవడు. మధ్యలో ఉన్న చుక్క కాస్తా అద్దమంతా పాకింది. ఇంకోసారి తుడిచాడు. ఖాళీ ఉన్న మూలలు కూడా నిండాయి. ఇప్పుడది చుక్క కాదు, అమావాస్య. చెమట పట్టి అదే రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు.

అబిగేయిల్ చెయ్యెత్తింది. అందరూ పిస్తోళ్ళు ఎత్తారు. శశికాంత్ కూడా ఎత్తి, అలవాటుగా ఎడమ కన్ను మూశాడు. కుడి కంటికి నల్లటి నలుపు, అందులో ఎర్ర చుక్క ఒకటి, దీపం పెట్టని గుడిలో అగరొత్తి నిప్పులాగ. కాగితం లేదు, గోడ లేదు, ఏమీ లేదు. పక్కవాళ్ళు కాల్చడం మొదలుపెట్టారు. ఏమీ కనపడని మనిషి ఏం చేస్తాడు? మూసిన కన్ను తెరుస్తాడు. ఎడమ కన్ను తెరిచాడు. ఆ కంటికి అద్దం అడ్డం లేదు. కాగితం స్పష్టంగా కనపడింది. కుడి కంటిలోని ఎర్ర చుక్క వెళ్ళి, ఆ కాగితం మధ్యలో, ఎవరో బొట్టు పెట్టినట్టు కూర్చుంది.

కాల్చాడు. మళ్ళీ కాల్చాడు. రత్నకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. మజ్జిగ కుండ గుర్తొచ్చింది. శివయ్యా, మొక్కు ఇవాళ్టికి పక్కన పెట్టు, తర్వాత మాట్లాడుకుందాం అనుకుంది.

అంతా అయ్యాక కాగితాలు తెచ్చారు. గిడియన్ శశికాంత్ కాగితం పట్టుకుని చాలాసేపు చూశాడు. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుని చూశాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. చివరికి, “నాట్ ద వర్స్ట్,” అన్నాడు.

వర్స్ట్ అనే మాట రత్నకుమారికి తెలుసు. ఆశ్రిత ఉప్మాని అనే మాట అది. అయిపోయింది అనుకుంది. ఆ దేశంలో నేలబారుగా ఉన్నదాన్ని గ్రాండ్ అంటారనీ, అద్భుతంగా ఉన్నదాన్ని మరీ అంత చెత్తగా లేదు అంటారనీ ఆవిడకెవరూ చెప్పలేదు. అబిగేయిల్ జట్టులో వాళ్ళ పేర్లు పిలవడం మొదలుపెట్టింది. ఒక్కో పేరూ ఒక్కో రాయిలా పడుతోంది. చివరికి ఏదో పలికింది, శేషి కంత్ అన్నట్టుంది. ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టారు. శశికాంత్ ఒక చెయ్యి కాస్త ఎత్తి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. ఆయన కుడి బుగ్గ మీద, రుమాలు తగిలిన చోట, నల్లటి చుక్క ఒకటి నిగనిగలాడుతోంది. అక్కడున్న వాళ్ళంతా దాన్ని చూశారు. మర్యాదస్థులు కనక ఎవరూ ఏమీ అనలేదు.

గిడియన్ మాత్రం వచ్చి, పిస్తోలు పైనున్న అద్దాన్ని వంగి చూశాడు. వాసన చూశాడు. తర్వాత జేబులోంచి నల్లటి టేపు చుట్ట తీసి శశికాంత్‌కి చూపించాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి రెండో కన్ను తెరిపించడానికి అద్దం ముందు టేపు అంటిస్తారట. తను ఆ టేపు ఈ అద్దం వచ్చినప్పటినుంచీ జేబులో పెట్టుకునే తిరుగుతున్నాడట. కొత్త అద్దాన్ని చూసి ఈయన మురిసిపోతుంటే అంటించమనడానికి నోరు రాలేదట.

“కానీ ఇదెవరు పూసిండ్రు?” అన్నాడు శశికాంత్, ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి.

రత్నకుమారి చెవి డిప్పలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. “నేనేనండి బాబూ. ఆ మాట్లాడనాయన అదేపనిగా చూశాడు. దిష్టి తగులుతుందని. అది ముఖమో వీపో నాకేం తెలుసండీ.”

శశికాంత్ ఆ మాటలు గిడియన్‌కి ఇంగ్లీషులో చెప్పాడు. గిడియన్ శ్రద్ధగా విని, రత్నకుమారి వైపు తల వంచి, చాలా సబబుగా ఉంది అన్నట్టు ఊపాడు. గొర్రెలకి చెడు చూపు తగలకుండా వాళ్ళ నానమ్మ ఎర్ర దారం కట్టేదట.

తిరిగి వచ్చేటప్పుడు కారులో, టాలట్‌లో లువాస్ రైలు కనపడేదాకా అద్దం తుడిచే పుల్లలే మాట్లాడాయి.

“అత్తమ్మా.”

“ఆయ్.”

“ఆ కాటుక ఎట్ల చేస్తరు?”

రత్నకుమారి చెప్పింది. ఆముదం ఎలాంటిదై ఉండాలో, వత్తి ఏ గుడ్డతో చెయ్యాలో, పళ్ళానికి అడుగున వెన్న రాయాలా అక్కర్లేదా అన్న విషయంలో తన తోడికోడలికీ తనకీ వచ్చిన గొడవేమిటో, మొత్తం చెప్పింది. ఇల్లొచ్చినా అవలేదు. శశికాంత్ ఇంజను ఆపి, పూర్తయ్యేదాకా కూర్చుని విన్నాడు.

తలుపు తీసిన రమ్యశ్రీ ముందు మొగుడి ముఖం చూసింది, తర్వాత బుగ్గ చూసింది, తర్వాత తల్లిని చూసింది.

“ఏమైందమ్మా?”

“పేరు పిలిచారే.”

“నిజంగా?”

“చివర్లో పిలిచారు. సరిగ్గా పలకలేదు గానీ ఆయనదే.”

“ఆ బుగ్గ మీదేంటి? అది నీ కాటుక కదూ?” రమ్యశ్రీ చెయ్యి నడుం మీదికి వెళ్ళింది. జరిగింది విన్నాక రెండో చెయ్యి కూడా వెళ్ళింది. “అమ్మా, అది పోవాలని నాతోపాటు నువ్వూ మొక్కుకున్నావు. నా మనిషివని సాక్షిగా పంపిస్తే, నువ్వెళ్ళి ఆయన్ని గెలిపించుకొస్తావా? అసలు నువ్వు ఎవరి పక్షం?”

“మొక్కినప్పుడు నీ పక్షమే. దిష్టి తీసేటప్పుడు పక్షాలుండవే.”

రమ్యశ్రీ ఇంకా ఏదో అనబోయి, ఇచ్చిన మాట గుర్తొచ్చి నోరు మూసుకుంది. ఆ పిల్లలో ఉన్న మంచి గుణం అదే. మాట తప్పదు, తిట్టుకుంటుంది. ఆ సాయంత్రం వంటింట్లో గిన్నెలు తిట్టుకున్నాయి. పెట్టె ఊడదీసే మాట ఇంక ఎత్తలేదు. వచ్చే శనివారం స్విమ్మింగుకి నేను తీస్కపోత, మ్యాచ్ మధ్యాహ్నం ఉన్నది అని శశికాంత్ తనంతట తాను అన్నాక, గిన్నెలు కాస్త శాంతించాయి.

“అత్తమ్మా, మీ టికెట్ ఎప్పుడు?” అన్నాడు ఆయన, అప్పటికప్పుడు గుర్తొచ్చినట్టు.

“వాటర్‌ఫోర్డ్ ముందు రోజేనండి.”

“ముందటి రోజా?” శశికాంత్ రమ్యశ్రీ వైపు చూశాడు. రమ్యశ్రీ కిటికీలోంచి వాన వైపు చూసింది. నిన్నటిదాకా తను బతిమాలితే ఆగని తల్లిని, ఇప్పుడు ఆ తుపాకి ఆపుతోంది.

“మార్చెయ్యండి,” అంది చివరికి. “ఇద్దరూ కలిసి చెయ్యండి ఆ కాటుకేదో. నా వంటింట్లో కాదు, బయట షెడ్డులో.”

మర్నాడు మధ్యాహ్నం గిడియన్ వచ్చాడు, అబిగేయిల్‌ని వెంటబెట్టుకుని. అబిగేయిల్ చేతిలో శాండ్‌విచ్ డబ్బా ఉంది. తెరిస్తే లోపల తన గురి అద్దం ఉంది. ఆవిడా ఎడమ కన్ను మూసేసే మనిషే. వాటర్‌ఫోర్డ్‌తో ఆడే జట్టులో ఆవిడా ఉంది. రత్నకుమారి ఈసారి ఏది ముఖమో తిప్పి చూసుకోనక్కర్లేకుండా, పళ్ళ డాక్టరు పక్కన కూర్చుని నోరు మూసుకుని చూస్తుండగా, చక్కగా అద్దమంతా పూసిపెట్టింది.

అద్దం తెచ్చుకోవడానికి గిడియన్ దగ్గర ఇప్పుడు పిస్తోలు లేదు. ఊరికే టీ తాగుతూ, శశికాంత్‌ని అడిగి మేడెక్కి, గది గుమ్మంలో నిలబడి పెట్టె తలుపు తీయించుకుని చూశాడు. రత్నకుమారి కూడా ఆయన వెనక మెట్లెక్కింది. ఇన్నాళ్ళూ ఆ గది ముందు పమిట సర్దుకుని గబగబా నడిచిపోయిన మనిషి, ఇవాళ నిలబడి చూసింది. కొత్త పిడి, కొత్త ట్రిగ్గరు, నెత్తి మీద మసి. మధ్యలో అరిగి రంగు పోయిన పాత ఒళ్ళు, దాని మీద నంబరు.

“ఉండనీండి బాబూ,” అంది అల్లుడితో. “తాళం మాత్రం జాగ్రత్త.”

గిడియన్ కిందికి దిగేటప్పుడు కొత్త తుంటి వైపు కాలు ముందేసి, ఒక్కో మెట్టే దిగుతున్నాడు. ఆవిడ కొత్త మోకాళ్ళతో వెనకే ఒక్కో మెట్టే దిగింది. గుమ్మం దగ్గర ఆయన టోపీ పెట్టుకోబోతుంటే ఆపి, వేలికింకా మిగిలున్న కాటుకని ఆయన చెవి వెనక, ఎవరికీ కనపడని చోట, చిన్న చుక్కగా పెట్టింది. ఎందుకని ఆయన అడగలేదు. టోపీ పెట్టుకుని, “గ్రాండ్,” అని వానలోకి వెళ్ళాడు.